యోహాను 7:17: ‘చేస్తే తెలుస్తది’ అని యూత్‌కు ఎట్ల చెప్పాలె?

దేవరకొండ యూత్:

అన్నలకు, అక్కలకు వందనాలు. వచ్చే మూడు ఆదివారాలు యూత్ కూటంల యోహాను 7:17 మీద పాఠం ఉంది. పద్దెనిమిది మంది దాకా వస్తరు. ఇంటర్, డిగ్రీ పిల్లలు, ఒకరిద్దరు హైదరాబాద్‌ల పని చేసుకుంట ఆదివారానికి ఊరికొచ్చేటోళ్లు. వచనం అందరికీ నోటికొచ్చిందే: “ఎవడైనను ఆయన చిత్తముచొప్పున చేయ నిశ్చయించుకొనినయెడల, ఆ బోధ దేవునివలన కలిగినదో, లేక నా యంతట నేనే బోధించుచున్నానో, వాడు తెలిసికొనును.”

పైపైన చెప్పి పోవచ్చు గానీ, తయారైతుంటే మూడు చోట్ల బండి ఆగింది. తెలవకముందే చెయ్యాలంటే దేన్ని పట్టుకొని చెయ్యాలె? రెండోది, ‘దేవుని చిత్తం’ అనంగనే పిల్లలు అడిగేది ఏ కోర్సు, ఏ జాబు, ఏ సంబంధం అని. ఈ వచనం దానికి జవాబేనా? ఇంకోటి, ‘విధేయత’ అన్న మాటను అడ్డం పెట్టుకొని మనుషుల మీద పెత్తనం చేసేటోళ్లు ఉన్నరు. పిల్లలకు ఆ గీత ఎక్కడ గీసి చూపియ్యాలె?

సాక్ష్యాలు వద్దు, దయచేసి. వారం రోజులు చేసి చూసేటట్టు ఏమన్న చెప్పండ్రి.

పాలమూరు చదువరి:

వందనాలు తమ్ముడూ. వచనాన్ని ముందు దాని ఇంట్లో పెట్టి చదువు. పర్ణశాలల పండుగ సగమయ్యాక యేసు దేవాలయంలో బోధిస్తున్నాడు. యూదులకు వచ్చిన సందేహం బోధ మీద కాదు, సర్టిఫికెట్ మీద. చదువుకోని మనిషికి ఈ పాండిత్యం ఎక్కడిది అన్నారు (7:15). ఫలానా రబ్బీ దగ్గర చదివానని చెబితే వాళ్లకు సరిపోయేది. ఆయన ఆ దారి పట్టకుండా, ఈ బోధ నన్ను పంపినవానిది, పరీక్షించే పని మీ చేతిలోనే ఉంది అన్నాడు. అదే 17వ వచనం.

నీ మొదటి ప్రశ్నకు జవాబు 19లో ఉంది. చాలామంది 18 దగ్గరే బైబిలు మూసేస్తారు. మోషే మీకు ధర్మశాస్త్రం ఇవ్వలేదా, మీలో ఎవడూ దాన్ని గైకొనడం లేదే, నన్నెందుకు చంపజూస్తున్నారు అని అడుగుతాడు. అంటే తెలియని దాన్ని చేయమనడం లేదు. ‘నరహత్య చేయకూడదు’ అన్నది వాళ్లకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. చేతిలో ఉన్న ఆజ్ఞను పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న బోధను తూకం వేయాలని చూస్తున్నారు. త్రాసే వంకరగా ఉంటే తూకం ఎక్కడ సరిగా వస్తుంది? కాబట్టి చేయాల్సింది తెలియనిది కాదు, తెలిసీ వదిలేసింది.

మాటల సంగతి. గ్రీకులో ఇక్కడ ‘థెలే’, ‘థెలేమా’ పక్కపక్కనే ఉన్నాయి. రెండిటికీ ధాతువు ఒకటే. ఆయన కోరినదాన్ని చేయగోరితే అని అర్థం. మన పాత తర్జుమాలో ‘నిశ్చయించుకొనిన’ అని పెట్టడం మంచి పని, ఎందుకంటే ఇది ఊరికే ఇష్టపడటం కాదు. పైగా క్రియ ఒక్కసారి చేసి వదిలేసే రూపంలో లేదు, కొనసాగే రూపంలో ఉంది. ఆదివారం చెయ్యి ఎత్తి సోమవారం మరిచిపోయేదానికి ఈ వాగ్దానం వర్తించదు.

ఇది పిల్లలకు తెలుగులోనే చూపించవచ్చు. “వాడు నా మాట వినడు” అంటే మనూళ్లో చెవుడు అని ఎవరూ అనుకోరు. హెబ్రీలో ‘విను’ అనే మాట ‘షమా’ కూడా అచ్చంగా అంతే. నిర్గమకాండము 24:7లో ఇశ్రాయేలీయులు ‘నఅసె వెనిష్మా’ అన్నారు. చేస్తాం, వింటాం. చేయడం ముందు, వినడం వెనక. మన బైబిలులో “చేయుచు విధేయులమై యుందుము” అని ఉన్నది అదే. ఈ మాటను యూదుల బోధకులు ఎంతో గొప్పగా చెప్పుకున్నారు. నాకైతే అందులో ఒక హెచ్చరిక కూడా కనిపిస్తుంది. జనం అలా ఒప్పుకోవడం అది మూడోసారి (19:8, 24:3, 24:7). తర్వాత మోషే నలభై రోజులు కొండ మీద ఉంటే కింద బంగారు దూడ తయారైంది. ‘ఏది చెప్పినా చేస్తాం’ అన్న టోకు ఒప్పందాలకు ఆయుష్షు తక్కువ.

రెండో ప్రశ్న: కాదు, ఈ వచనం కోర్సుకూ సంబంధానికీ జవాబు కాదు. ఏమి తెలుస్తుందో అక్కడే రాసి ఉంది: ఆ బోధ దేవునిదా కాదా అని. బీటెక్ చేయాలా, డిగ్రీ చేయాలా అన్నది అందులో లేదు. వాగ్దానాన్ని సాగదీసి చెబితే, రేపు ఆ పిల్లవాడికి సీటు రాకపోతే వాడు వదిలేసేది కోర్సును కాదు, వాక్యాన్ని.

మూసీ ఆయకట్టు:

చదువరి అన్న పునాది వేసిండు. నేను పనిల పెట్టి చూపిస్త. ఒక్క ఆజ్ఞ చాలు: “కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద ఉంచుకొనకూడదు” (లేవీయకాండము 19:13).

మన దిక్కు పత్తి ఏరేటప్పుడు కూలి కిలో లెక్క. సాయంత్రం తూకమేసి నోటుబుక్కుల రాసుకొని, “అంగడి నాడు కలిపి ఇస్త” అనుడు రివాజు. ఎవలు తప్పు పట్టరు. ఇప్పుడు ఒకాయన ఈ వచనం చదివి, ఈ వారం ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దుగూకకముందే ఇయ్యాలె అనుకున్నడనుకోండ్రి. ఏం కావాలె? చిల్లర. ఒకామె 38 కిలోలు, ఇంకొకామె 41 కిలోలు ఏరితే లెక్క నిండు వందలల్ల తేలదు. ముందురోజే పది, ఇరవై, యాభై నోట్లు తెచ్చిపెట్టుకోకపోతే, “రేపు కలిపి ఇస్త తీ” అని నోరే అంటది. దేవుని ఆజ్ఞ తప్పేది పెద్ద పాపంతోనే అనుకుంటం గానీ, చాలాసార్లు చిల్లర లేక తప్పుతది. అందుకే ‘చేస్త’ అని మనసుల అనుకునుడు వేరు, నిశ్చయించుకునుడు వేరు. నిశ్చయం చేసుకున్నోడు ముందురోజే చిల్లర తెస్తడు.

ఇంకో చిక్కు ఫోన్ల డబ్బులు. ఫోన్‌పే చేస్త అంటే ఆమెకు ఫోన్ ఉండదు, నంబరు ఆమె భర్తది. డబ్బులు పోతయి, ఏరిన చేతికి రావు. గుంపు మేస్త్రికి ఇచ్చినా అదే కథ. ఎవల చెమట వాళ్ల చేతిల పెట్టాలె. గుత్తకు ఇచ్చిన పని అయితే సంగతి వేరే. పని ముగిసినంక ఇస్తమన్నది ఇద్దరి ఒప్పందం. వచనం చెప్పేది దినకూలి గురించి.

ఇగ తెలిసేది ఎట్లనో చూడండ్రి. కూలి ఇచ్చిన సాయంత్రం ద్వితీయోపదేశకాండము 24:15 తీయాలె. పొద్దుగూకకముందే ఇయ్యాలె, వాడు బీదవాడు, దాని మీద ఆశ పెట్టుకొని ఉంటడు అని ఉంటది. హెబ్రీల ఆ ‘ఆశ’ అన్నకాడ ప్రాణం అనే మాట ఉందంటరు, ప్రాణం దానికాడ పెట్టుకున్నడని. పుస్తకంల చదివితే ఇది మంచి మాట, అంతే. డబ్బులు కొంగున కట్టుకున్న మనిషి ఇంటికి పోకుండ సీదా కిరాణా దుకాణం దిక్కు నడిచి, రెండు కిలోల బియ్యం, ఇంత నూనె కట్టించుకుంటే సమజైతది: నిన్నటిదాకా అంగడి దాకా ఆపిన దుడ్లు నీ లెక్కల బాకీ, ఆమె లెక్కల ఆ పూట బువ్వ.

అటు తర్వాత మత్తయి 20 చదవండ్రి. ద్రాక్షతోట యజమాని సాయంకాలం కాంగనే గృహనిర్వాహకుని పిలిచి కూలి ఇప్పిస్తడు (20:8). ఆ సాయంకాలం కథల అందానికి పెట్టింది కాదు, మోషే ఆజ్ఞ అది. ఒక్క గంట పనిచేసినోనికి కూడా నిండు దేనారం, అంటే దినమంతటి కూలి, ఎందుకిచ్చిండో, చాలామందికి అది అన్యాయం లెక్కనే కనిపిస్తది. వాని ఇంట్ల తినే నోళ్లు గంట లెక్కన తినవు కదా. రోజు కూలి చేతిల పెట్టినోనికి ఆ ఉపమానం వివరించే పని ఉండదు.

యూత్‌కు కూలోళ్లు ఉండరంటరా? ఎఫెసీయులకు 4:25 నుంచి 32 దాకా తీసుకోండ్రి. ఎనిమిది వచనాలు. అబద్ధం, కోపం, దొంగతనం, నోటి మాట, ద్వేషం, క్షమాపణ, అన్నీ ఇంటర్ పిల్లగాండ్ల చేతిలున్నయే. 26వ వచనంల గడువు కూడా రాసి ఉంది: సూర్యుడస్తమించేదాకా కోపం నిలిచి ఉండొద్దని.

అడిగే మనిషి:

నేను నమ్మకస్తుణ్ణి కాదు, ముందే చెప్తున్నా. మూసీ అన్న చెప్పిన కూలి సంగతి బాగుంది, దానికి దేవుడు అవసరం లేకపోయినా. కానీ అసలు మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ‘ముందు చేయి, తర్వాత తెలుస్తుంది’ అని ప్రతి బాబా చెప్తాడు. 41 రోజులు చేయి, ఫలితం నీకే తెలుస్తుంది అంటాడు. చేసినా తెలియకపోతే “నీ విశ్వాసం తక్కువైంది” అంటారు. తప్పు అని తేలే దారే లేని మాట ఇది. పైగా మనిషి కొన్నాళ్లు ఏ పని చేసినా దాన్ని సమర్థించుకోవడం మొదలుపెడతాడు. దాన్ని జ్ఞానం అని ఎలా అంటారు?

పాలమూరు చదువరి:

సరైన ప్రశ్న. దేవరకొండ తమ్ముడి మూడో ప్రశ్న కూడా ఇందులోనే ఉంది, కాబట్టి ఇద్దరికీ కలిపి.

మీరు చెప్పిన బాబా మాటకూ ఈ వచనానికీ తేడా 18లో ఉంది. తనంతట తానే బోధించేవాడు తన సొంత మహిమను వెదుకుతాడు అంటాడు యేసు. విధేయత ఎటు పారుతోందో చూడమంటున్నాడన్నమాట. చేసినవాడి డబ్బు, సమయం, భయం బోధకుడి వైపు పారితే అది ఈ వచనం పరిధిలోకి రాదు. కూలి ఉదాహరణలో ఖర్చు రైతుది, లాభం కూలామెది. వాక్యం చెప్పినవాడికి రూపాయి రాలేదు. యూత్‌కు ఈ గీత గీసి చూపించు తమ్ముడూ. ఎవరైనా “దేవుని చిత్తం, చెయ్యి” అంటే మూడు సంగతులు అడగమను. ఆ ఆజ్ఞ ఎక్కడ ఉంది, నేను నా కళ్లతో చదవవచ్చా? దాని ముందు వెనుక వచనాలతో కలిపి చదివినా అదే అర్థం వస్తుందా? చేస్తే మేలు ఎవరికి? నలుగురిలో చెప్పొద్దు, ఇంట్లో చెప్పొద్దు అని షరతు పెడితే అక్కడితో ఆపేయడమే. బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలు తీసి రోజూ సరిచూశారు (అపొస్తలుల కార్యములు 17:11), అందుకు వాళ్లను మెచ్చుకున్నారే గానీ అవిధేయులని ఎవరూ అనలేదు.

తప్పు అని తేలే దారి లేదన్నారు. ఉంది. ద్వితీయోపదేశకాండము 13 మొదట్లో చూడండి. ఒకడు సూచక క్రియ చూపిస్తాడు, అది జరుగుతుంది కూడా. అయినా వేరే దేవతల వైపు లాగితే వాడి మాట వినొద్దు అని ఉంది. ఫలితం కనబడినా సరే, బోధ తప్పయితే తప్పే. “నాకు పనిచేసింది” అన్న సాక్ష్యం ఒక్కటే చాలదని బైబిలే చెబుతోంది. ఈ ముక్క మన సంఘాల్లోనే సరిగా చెప్పరు.

‘నీ విశ్వాసం తక్కువ’ అన్న మాటకు ఈ వచనంలో చోటు లేదు. ఎన్ని రోజుల్లో తెలుస్తుందో గడువు పెట్టలేదు, ఇంకొకరి నిశ్చయాన్ని కొలిచే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. అలా కొలిచే బోధకుడు యేసు కుర్చీలో కూర్చున్నట్టు.

మనిషి తను చేసిందాన్ని సమర్థించుకుంటాడన్నది నిజమే, దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. ఒక ఆనవాలు మాత్రం చెప్పగలను. సమర్థించుకునేవాడికి వాక్యం రోజురోజుకూ అనుకూలంగా మారుతుంది. నిజంగా చేస్తున్నవాడికి అది తనకు ఇష్టం లేని చోట కూడా మాట్లాడటం మొదలుపెడుతుంది. కూలి సరిగా ఇచ్చినవాడికి తర్వాత తూకం రాయి కనబడుతుంది. కూలి మాట ఉన్న లేవీయకాండము 19లోనే 36వ వచనం న్యాయమైన త్రాసుల గురించే.

మీరు నమ్మకస్తులు కాకపోయినా మొదలుపెట్టే చోటు అదే. మీ మనస్సాక్షి ఇప్పటికే ఒప్పుకున్నది ఒకటి ఉంటుంది. దాన్నే చేయండి. రోమా 2:15 దాని గురించే మాట్లాడుతుంది.

ఇప్పుడు నా వాళ్లకు ఒక మాట. పుణ్యకార్యాలు చేస్తూ పోతే దేవుడు అర్థమవుతాడని పాఠం ముగించకండి. యోహాను సువార్తలోనే ఒక అధ్యాయం ముందు, దేవుని క్రియలు జరిగించడానికి మేమేం చేయాలి అని జనం అడిగితే, ఆయన పంపినవానియందు విశ్వాసముంచడమే దేవుని క్రియ అంటాడు (6:28-29). తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను ఈ 7:17 మీద ప్రసంగిస్తూ ఆ వచనం దగ్గరకే వెళ్లాడు. గ్రహింపు విశ్వాసానికి దక్కే ఫలమనీ, నమ్మడానికి గ్రహించాలని చూడకు, గ్రహించడానికి నమ్ము అనీ అన్నాడు. మన పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ దిక్కు ఎం.బి. సంఘాలున్నాయి కదా, మెన్నోనైట్ బ్రదరన్. 1860లో దక్షిణ రష్యాలో మొదలైన సంఘం అది, దాని వేర్లు 16వ శతాబ్దపు అనబాప్తిస్టుల్లో, అంటే నమ్మిన పెద్దవాళ్లకే బాప్తిస్మం అన్నవాళ్లలో ఉన్నాయి. వాళ్లలో హాన్స్ డెంక్ అని ఒకాయన, 1527లో చనిపోయాడు. జీవితంలో క్రీస్తును వెంబడించకుండా ఎవడూ ఆయనను నిజంగా ఎరుగలేడు అన్నాడు. ఇది అందరూ చెబుతారు. దాని వెనకే ఉన్న రెండో సగం చెప్పరు: ముందు కొంతైనా ఎరుగనివాడు ఆయనను వెంబడించలేడు అని కూడా అన్నాడు. కొంచెం ఎరుక, కొంచెం నడక, మళ్లీ కొంచెం ఎరుక. ‘ముందు ఏది’ అన్న ప్రశ్నకు నా లెక్కలో ఇంతకన్నా సరైన జవాబు లేదు.

మిర్యాలగూడ స్త్రీల కూడిక:

అందరికీ వందనాలు. అన్నలు పుస్తకం వైపు నుంచి చెప్పారు, నేను కూడిక నడిపే పద్ధతి చెప్తా. యూత్‌కూ పనికొస్తది.

గుంపుల ఆరు నుంచి ఎనిమిది మంది మించొద్దు. పద్దెనిమిది మంది ఉంటే మూడు గుంపులు చెయ్యండి తమ్ముడూ, లేకపోతే ఇద్దరే మాట్లాడుతరు, మిగతావాళ్లు ఆమేన్ అంటరు. నాలుగు నుంచి ఆరు వచనాలు, ఒకరు రెండుసార్లు గట్టిగా చదవాలె. చదువు రానివాళ్లుంటే ఫోన్లో ఆడియో బైబిలు పెట్టొచ్చు, కానీ మనిషి గొంతుతో నెమ్మదిగా చదివితేనే నిలుస్తది. తర్వాత పుస్తకం మూసి, ఒకరు సొంత మాటల్లో తిరిగి చెప్పాలె. తప్పిపోయింది మిగతావాళ్లు అందిస్తరు. ఇదంతా కలిపి పదిహేను నిమిషాలు. అప్పుడు ప్రశ్నలు రెండే: ఈ వచనాలల్ల చెయ్యమన్నది ఏంది? నేను ఎవరికి చెయ్యాలె?

ఆ రెండో దాంట్లోనే అందరూ జారిపోతరు. “ప్రేమగా ఉంటాను”, “ప్రార్థనల బలపడతాను” అంటరు. వాటిని ఒప్పుకోవద్దు. ఒక మనిషి, ఒక రోజు, ఒక పని ఉండాలె. “బుధవారం మా తోడికోడలితో మాట్లాడతా” అంటే అది నిశ్చయం. ఎవరి పేరూ లేదంటే ఎవరికీ చెయ్యరన్నట్టే. చిన్న చీటీ మీద రాసి బైబిల్లో ఆ పేజీల పెట్టుకోవాలె. గుంపుల పేరు చెప్పాల్సిన పని లేదు, చెప్తే మరునాటికి ఊరంతా తెలుస్తది. వచ్చేవారం కూడిక కొత్త వాక్యంతో మొదలుపెట్టొద్దు. “చేసిన” లేకపోతే “చెయ్యలే”, ఒక్క మాట. ఎందుకు చెయ్యలేదో ఉపన్యాసం వద్దు, చేసినవాళ్లు సాక్ష్యంగా పొడిగించుడు కూడా వద్దు. సాక్ష్యం చెప్పుకోవాలని చేసే పని మొదలైందంటే నాలుగు వారాల్లో కూడిక చెడిపోతది. చెయ్యని వాళ్లు సగానికన్నా ఎక్కువుంటే కొత్త భాగానికి పోకుండ అదే భాగం మళ్లీ చదవాలె. చేసినంక అదే వాక్యం రెండోసారి చదివితే, మొదటిసారి ఎవరూ చూడని మాట ఎవరో ఒకరు చూస్తరు. తెలిసికొనుడు అంటే అదే, వేరే మెరుపేం రాదు.

ఆడవాళ్లకు, పిల్లలకు ముఖ్యంగా ఒకటి. తన చేతిల ఉన్న పనే ఎంచుకోవాలె. ఇంట్ల డబ్బు లెక్క భర్త చేతిలనో అత్త చేతిలనో ఉంటే, ఆమెతో “ఇంత ఇస్తా” అని ఒప్పుకోబట్టుడు పాపం. నోటి మాట, కోపం, పక్కింటామెకు చెయ్యాల్సిన సాయం, ఇవి ఆమె చేతిలవి. కొట్టే మనిషి దగ్గరికి పోయి క్షమాపణ అడుగు అని ఎవరినీ పంపొద్దు. అది వాక్యం కాదు. విధేయత అంటే దెబ్బలు తినుడు అని చెప్పే కూడికల నుంచి ఆడవాళ్లు లేచి బయటికి రావాలె, నేను మొహమాటం లేకుండా చెప్తా.

మూడో ఆదివారానికి యిర్మీయా 42 తీసుకోండి. బబులోనువాళ్లు యెరూషలేమును పాడుచేసినంక యూదాల మిగిలిన జనం ప్రవక్త యిర్మీయా దగ్గరికొచ్చి, మాకు మేలైనా కీడైనా సరే, దేవుడు ఏది చెప్తే అది చేస్తం అని ఒట్టేస్తరు. పది రోజులైనంక జవాబొస్తది (42:7): ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు పోవద్దు. వాళ్లేమన్నరు? నువ్వు అబద్ధమాడుతున్నవ్ అన్నరు (43:2). ఎందుకట్లా అంటే 41:17 చూడాలె. ఐగుప్తుకు పోవాలనే బయలుదేరి అప్పటికే బేత్లెహేము దగ్గర దిగి ఉన్నరు. మూటలు కట్టుకున్నంక అడిగిన చిత్తం అది. పిల్లలను ఆ మూడు అధ్యాయాలు వరుసగా చదవనిచ్చి, మూటలు ఎప్పుడు కట్టిండ్రో వాళ్లనే కనిపెట్టమనండి. సంబంధాలు, జాబుల ప్రశ్న అక్కడ దానంతటదే తేలుతది.

దేవరకొండ యూత్:

చాలా వందనాలు. మొదటి వారం 7:14 నుంచి 24, రెండో వారం ఎఫెసీ 4, మూడో వారం యిర్మీయా, మూడు గుంపులు. ఖాయం చేసుకున్న. అడిగే మనిషి అన్నకు కూడా వందనాలు, ఆ ప్రశ్న కూటంల అట్లనే పెడత.

ఒక్కటి మిగిలింది. ఎఫెసీ 4:28ల దొంగతనం అనంగనే, తీసుకున్నది తిరిగి ఇచ్చుడు ఎట్ల అని అడుగుతరు. సంఖ్యాకాండము 5ల ఐదో వంతు కలిపి ఇయ్యాలని ఉంది. అది ఇప్పుడు మనకు వర్తిస్తదా? ఎవరి దగ్గర తీసుకున్నమో ఆ మనిషి చనిపోతే ఎవరికియ్యాలె?

అడిగే మనిషి:

మధ్యలో వస్తున్నా. ‘ఇష్టం లేని చోట మాట్లాడటం’ అన్న ఆనవాలు ఒప్పుకుంటా. మిగతాది ఇంకా ఆలోచిస్తున్నా.

మూసీ ఆయకట్టు:

సంఖ్యా 5:7ల వరుస చూడు తమ్ముడూ. ముందు ఒప్పుకోవాలె, తర్వాత అసలు ఇయ్యాలె, దానికి ఐదో వంతు కలపాలె. 2,500 తీసుకుంటే 500 కలిపి 3,000. బలి సంగతి క్రీస్తుతో తీరింది గానీ, ఎదుటోని నష్టం బలితో పూడదు. పన్ను వసూలు చేసే జక్కయ్య మీద ఎవరు కేసు పెట్టలే, అయినా అన్యాయంగ తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్త అన్నడు (లూకా 19:8). కనుక ఐదో వంతును చట్టం లెక్క కొలవకు, అంతకు తక్కువ ఇచ్చి చేతులు దులుపుకోకుండ పెట్టుకున్న గీత అనుకో. పిల్లల దగ్గర అంత డబ్బు లేకపోతే ఒప్పుకునుడు ఆపొద్దు. మనిషి ముందట ఒప్పుకొని, నెలకింత అని తారీఖు చెప్పాలె. డబ్బు కూడినంక చెప్త అనుకుంటే ఎన్నడూ కూడదు.

కవర్ల పెట్టి గుమ్మం కింద నూకి వచ్చుడు కూడా కుదరదు. డబ్బు వాపసొస్తది గానీ ఇన్నొద్దులు ఆయన ఎవలెవల్ని అనుమానపడ్డడో, ఆ అనుమానం పోదు. ఒప్పుకునుడు మొదట పెట్టింది అందుకే.

మనిషి లేకపోతే 8వ వచనం. దగ్గరి బంధువుకు ఇయ్యాలె, బంధువు కూడా లేకపోతేనే అది యెహోవాకు, యాజకునికి. ఈ వరుస తిరగేసి, భార్యాపిల్లలు ఊర్లనే ఉండంగ ఆ డబ్బు చందా పెట్టెల వేసి వచ్చేటోళ్లుంటరు. దుకాణం ఆయన పోయిండంటే ఆయన కొడుకు ఉంటడు, అదే దుకాణంల.